పొయ్యి వెలిగించకుండా చీజ్-పైనాపిల్ పుల్లలు

ఇంటికి పదిమంది వస్తున్నారంటే నేను మొదట అనుకునేది వీటినే. 200 గ్రాముల చీజ్ దిమ్మను ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే, వేడినీళ్లలో ముంచి తుడిచిన చాకుతో ముక్కలు కోయండి. అంటుకోకుండా నున్నగా తెగుతాయి.

అసలు కిటుకంతా పైనాపిల్ దగ్గరే ఉంది. డబ్బాలోదైతే జల్లెడలో పావుగంట వడకట్టి, ఒక్కో ముక్కనీ పొడిగుడ్డతో అద్దండి. తడి మిగిలితే చీజ్ జిగురుగా అయిపోతుంది, ప్లేటు అడుగున పసుపురంగు నీళ్లు చేరతాయి. తాజా పండైతే ఇంకో సంగతి: దాని రసం తగిలి ఎక్కువసేపు ఉంటే చీజ్ చేదెక్కుతుంది. కాబట్టి విడివిడిగా ఉంచి, చుట్టాలు గుమ్మంలోకి వచ్చాకే గుచ్చండి.

టూత్‌పిక్‌కి ముందు చెర్రీ, తర్వాత పైనాపిల్, అడుగున చీజ్. అప్పుడే పుల్ల నిటారుగా నిలబడుతుంది. మిరియాల పొడి వడ్డించేటప్పుడే చల్లండి. చిన్నపిల్లలకు మాత్రం పుల్ల తీసేసి, ముక్కలు బాగా చిన్నవి చేసి గిన్నెలో ఇవ్వండి.