కెనడా వేటకు రైఫిల్ తీసుకెళ్లేవారు ముందుగా చూసుకోవలసినవి

అక్టోబరులో మూస్ అనే పెద్ద జాతి దుప్పి వేటకో, నల్ల ఎలుగుబంటి వేటకో అమెరికా నుంచి కెనడా వెళ్లేవారు నెలల ముందే గైడును మాట్లాడుకుంటారు, సెలవు పెట్టుకుంటారు, ఏ తూటా ఎంత దూరం పనిచేస్తుందో గంటల తరబడి చర్చించుకుంటారు; కాగితాల సంగతి మాత్రం బయలుదేరే వారానికి వాయిదా వేస్తారు. యాత్ర చెడితే సాధారణంగా ఆ కాగితాల దగ్గరే చెడుతుంది. తుపాకీ అమెరికా దాటి వెళ్లడానికి ఒక నియమం, కెనడాలోకి ప్రవేశించడానికి వేరొక నియమం, తిరిగి అమెరికాలోకి రావడానికి ఇంకొక నియమం ఉన్నాయి. ఒక దాని కోసం తీసుకున్న కాగితం మరొక దానికి అక్కరకు రాదు.

అమెరికాలో ఉంటున్న తెలుగువారు రైఫిల్ కన్నా ముందు తమ వీసా చూసుకోవాలి. హెచ్‌-1బి, ఎఫ్‌-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉన్నవారికి మినహాయింపు ఉంది కాబట్టి, చాలామంది ఆ ఒక్క లైసెన్సుతో అన్నీ సరిపోయాయని అనుకుంటారు. ఆ మినహాయింపు దేశం లోపల తుపాకీ కలిగి ఉండటానికి సంబంధించినదే. ప్రత్యేక ఎగుమతి లైసెన్సు లేకుండా మూడు తుపాకుల వరకు, వెయ్యి తూటాల వరకు సొంత సామానుగా వెంట తీసుకెళ్లే వెసులుబాటు అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి మాత్రమే ఉంది. తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీని మళ్లీ దేశంలోకి తేవాలంటే తుపాకుల వ్యవహారాలు చూసే అమెరికా ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ నుంచి దిగుమతి అనుమతి ముందుగానే పొంది ఉండాలి. ఇంత చిక్కు ఉన్నప్పుడు వారు తమ రైఫిల్‌ను ఇంటి దగ్గరే వదిలి, కెనడాలో వేట ఏర్పాట్లు చేసే సంస్థ నుంచి రైఫిల్ తీసుకోవడమే తెలివైన పని అని నా అభిప్రాయం. లైసెన్సు ఉన్న వ్యక్తి పక్కనే ఉండి నేరుగా పర్యవేక్షిస్తుంటే, అక్కడ వేరే లైసెన్సు లేకుండానే ఆ రైఫిల్ వాడవచ్చు.

పాత కేసుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మద్యం తాగి కారు నడిపిన నేరాన్ని కెనడా 2018 డిసెంబరు 18 నుంచి తీవ్రమైన నేరాల కిందికి తెచ్చింది. అమెరికాలో జరిమానాతో ముగిసిపోయిందని మరచిపోయిన కేసు, తుపాకీ మాట రాకముందే ప్రవేశాన్ని ఆపివేయగలదు. అలాంటిది ఏదైనా ఉంటే గైడుకు అడ్వాన్సు కట్టకముందే వలస వ్యవహారాల న్యాయవాదిని కలవాలి.

తర్వాత రైఫిల్ విషయం. కెనడా చట్టం తుపాకులను మూడు తరగతులుగా విభజిస్తుంది: నియంత్రణ లేనివి, నియంత్రణ ఉన్నవి, నిషిద్ధమైనవి. వేటకు వాడే మామూలు బోల్ట్ యాక్షన్ రైఫిళ్లు (ప్రతి తూటాకూ బోల్ట్ అనే పిడిని చేత్తో వెనక్కి లాగి ఎక్కించేవి), షాట్‌గన్‌లు దాదాపు అన్నీ మొదటి తరగతిలోనే ఉంటాయి. సెమీ ఆటోమేటిక్, అంటే ఒక తూటా పేలగానే తర్వాతిది దానంతటదే ఎక్కే రైఫిళ్ల విషయంలో మాత్రం పాత అనుభవాన్ని నమ్ముకోకూడదు. 2020 మే 1న ఏఆర్‌-15తో సహా 1,500కు పైగా మోడళ్లను నిషేధించిన ప్రభుత్వం, 2024 డిసెంబరులోనూ 2025 మార్చిలోనూ ఆ జాబితాను ఇంకా పెంచింది. అందువల్ల అయిదేళ్ల కిందట ఏ అభ్యంతరమూ లేకుండా సరిహద్దు దాటిన రైఫిలే ఇప్పుడు జప్తు కావచ్చు. కెనడా జాతీయ పోలీసు దళమైన ఆర్‌సీఎంపీ తుపాకుల వర్గీకరణ పట్టికను అందరికీ అందుబాటులో ఉంచింది. మోడల్ పేరు అచ్చంగా సరిచూసుకున్నాకే రైఫిల్‌ను పెట్టెలో పెట్టాలి. సెంటర్‌ఫైర్ (తూటా అడుగున సరిగ్గా మధ్యలో కొడితే పేలే రకం) సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మ్యాగజైన్‌లో, అంటే తూటాలు నింపే అరలో, అయిదు తూటాలకు మించి పట్టకూడదు. అమెరికా వేటగాళ్లు ఇప్పుడు విరివిగా వాడుతున్న సప్రెసర్ (పేలుడు శబ్దాన్ని తగ్గించే గొట్టం) కెనడాలో నిషిద్ధ పరికరం కాబట్టి, దాన్ని విప్పి ఇంట్లోనే ఉంచాలి.

ప్రవేశానికి కావలసిన ముఖ్యమైన కాగితం ఆర్‌సీఎంపీ 5589 అనే డిక్లరేషన్ ఫారం. తీసుకెళ్లే ప్రతి తుపాకీ తయారీదారు పేరు, మోడల్, సీరియల్ నంబరు, గొట్టం పొడవు ఇంటి దగ్గరే తీరికగా రాసుకోవాలి; మూడుకు మించి తుపాకులుంటే అదనపు పత్రం జతచేయాలి. సంతకం మాత్రం ముందుగా చేయకూడదు, సరిహద్దు అధికారి ఎదుటే చేయాలి. రుసుము 25 కెనడా డాలర్లు. అధికారి ధ్రువీకరించిన ఫారం 60 రోజులపాటు తాత్కాలిక లైసెన్సుగా పనిచేస్తుంది కాబట్టి, వేట ముగిసేదాకా దాన్ని రైఫిల్‌తోపాటే ఉంచుకోవాలి. ఫారం నింపే వ్యక్తికి 18 ఏళ్లు నిండి ఉండాలి. ప్రయాణ కారణం అడిగినప్పుడు నోటిమాటతో సరిపెట్టకుండా, గైడు ఇచ్చిన ఒప్పంద పత్రాన్ని, ఆ ప్రావిన్సు వేట లైసెన్సు వివరాలను చూపించగలగాలి. వేటకు తెచ్చుకునే తూటాలలో 200 వరకు సుంకం ఉండదు. అధికారి చెప్పేదాకా పెట్టె తెరవకూడదు, రైఫిల్‌ను చేత్తో తాకకూడదు. చూపించమంటే అది ఎక్కడుందో చెప్పి, తీయమన్నాకే తీయాలి.

రైఫిళ్లన్నీ సక్రమంగా ప్రకటించి, కారు డాష్‌బోర్డు అరలో ఉన్న పిస్టల్‌ను మరచిపోయేవారుంటారు. నయాగరా చూడటానికి అవతలి ఒడ్డుకు వెళ్లే మామూలు యాత్రికులకు కూడా ఈ ప్రమాదం ఉంది. చేతితుపాకీ వేటకు చెల్లదు. 2022 అక్టోబరు నుంచి వాటి విషయంలో కెనడా మరింత కఠినమైంది. ప్రకటించకుండా దొరికిన తుపాకీని స్వాధీనం చేసుకోవడంతో ఆగరు, కారునూ పట్టుకోవచ్చు, క్రిమినల్ కేసూ పెట్టవచ్చు. తుపాకుల దొంగ రవాణాకు గరిష్ఠ శిక్షను 2023 డిసెంబరులో ఆమోదం పొందిన చట్టం 14 ఏళ్లకు పెంచింది. కాబట్టి బయలుదేరే ముందురోజు సీట్ల కింద, డిక్కీలో, పాత వేట కోటు జేబుల్లో వెతకాలి. జేబులో మిగిలిన తూటా కూడా విమానాశ్రయంలో తలనొప్పి తెస్తుంది. ఎలుగుబంట్ల కోసం తీసుకెళ్లే స్ప్రే డబ్బా మీద అది జంతువుల కోసమేనని ముద్రించి ఉండాలి. మనుషుల మీద వాడే పెప్పర్ స్ప్రే కెనడాలో నిషిద్ధం.

ప్రయాణంలో రైఫిల్ ఎల్లవేళలా ఖాళీగా ఉండాలి. భోజనానికి కారు ఆపి వెళ్లేటప్పుడు దాన్ని డిక్కీలో పెట్టి తాళం వేయాలి. డిక్కీ లేని వాహనమైతే బయటికి కనబడకుండా కప్పి, తలుపులకు తాళం వేయాలి. రాత్రి బసలో ట్రిగ్గర్ తాళమైనా వేయాలి, బోల్ట్ తీసి విడిగానైనా పెట్టాలి, లేదా రైఫిల్‌ను తాళం వేసిన గట్టి పెట్టెలోనైనా ఉంచాలి. తూటాలు అందుబాటులో ఉండకూడదు. విమానంలోనైతే తాళం వేసిన గట్టి పెట్టెలో, చెక్-ఇన్ సామానుగా మాత్రమే పంపాలి, కౌంటర్ దగ్గర ప్రతిసారీ ప్రకటించాలి. తూటాల బరువు మీద విమాన సంస్థలకు సొంత పరిమితులుంటాయి కనుక టికెట్ కొనేటప్పుడే కనుక్కోవాలి.

తిరుగు ప్రయాణానికి కావలసిన కాగితం వెళ్లేటప్పుడే తీసుకోవాలి. అమెరికా కస్టమ్స్ సంస్థ సీబీపీ ఇచ్చే 4457 అనే ఆ ఫారం, రైఫిల్ విదేశంలో కొన్నది కాదనీ, అమెరికా నుంచే వెళ్లిందనీ రుజువు చేస్తుంది. ఖాళీ రైఫిల్‌ను పెట్టెలో పెట్టుకొని అమెరికా కస్టమ్స్ కార్యాలయానికి వెళితే అధికారి సీరియల్ నంబరు స్వయంగా చూసి ముద్ర వేస్తారు; ఖరీదైన స్కోపు, బైనాక్యులర్ కూడా అందులోనే రాయించుకోవడం మంచిది. సరిహద్దు దాటాక ఈ పని జరగదు. చిన్న సరిహద్దు కేంద్రాలు రాత్రిళ్లు మూసి ఉంటాయి కాబట్టి, వేళలు ఫోన్‌లో కనుక్కొని కొన్ని రోజుల ముందే వెళ్లి ముద్ర వేయించుకోవాలి.