నవ్వించే కథ రాద్దాం – 4వ పాఠం: పదవి ఒకరిది, దర్జా మరొకరిది

పాత్రలన్నిటినీ ఒకే చోట నిలిపి ఉంచే కారణాన్ని ఎలా వెతకాలో మూడో పాఠంలో చూశాం. ఈసారి ఆ పాత్రలలోంచి ఇద్దరిని తీసుకుని, ఒకరికి పదవిని, మరొకరికి ఆ పదవికి తగినదని లోకం అనుకునే దర్జాను ఇచ్చి, ఆ తేడాలోంచి ఏళ్ల తరబడి తరగని హాస్యాన్ని ఎలా రాబట్టవచ్చో నేర్చుకుందాం. ఈ విద్యకు నాకు తెలిసినంతలో అత్యుత్తమ నమూనా బ్రిటిష్ టెలివిజన్ ధారావాహిక ‘డాడ్స్ ఆర్మీ’. జిమ్మీ పెర్రీ, డేవిడ్ క్రాఫ్ట్ కలిసి రాసిన ఈ ధారావాహిక 1968 జూలై 31న బీబీసీలో మొదలై, 1977 నవంబర్ 13న ముగిసేలోగా 9 విడతలలో 80 భాగాలుగా ప్రసారమైంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు పుట్టించని కథ ఇది కాబట్టి, ఈ పాఠంలో అక్కడక్కడ బోధకుడి గొంతు కంటే అభిమాని గొంతే ఎక్కువగా వినిపిస్తే పాఠకులు మన్నించాలి.

ముందుగా నేపథ్యం కొంత తెలియాలి. 1940 మే నెలలో జర్మన్ సేనలు హాలండ్, బెల్జియం, ఫ్రాన్స్ దేశాలలోకి చొచ్చుకుపోతుండగా, అవి సముద్రం దాటి తమ తీరానికి కూడా వస్తాయన్న భయం బ్రిటన్‌ను పట్టుకుంది. మే 14 సాయంత్రం యుద్ధ మంత్రి ఆంథొనీ ఈడెన్ రేడియోలో మాట్లాడుతూ, సైన్యంలో లేని 17 నుంచి 65 ఏళ్ల పురుషులు స్థానిక రక్షణ దళాలలో స్వచ్ఛందంగా చేరవలసిందిగా కోరాడు. వారం తిరిగేసరికి సుమారు 2,50,000 మంది పేర్లు నమోదు చేయించుకున్నారు. అంతమందికి ఇవ్వడానికి తుపాకులు లేవు, యూనిఫారాలు లేవు. తొలి రోజుల్లో చాలామందికి దక్కింది చేతికి కట్టుకునే గుడ్డ పట్టీ ఒక్కటే. ఆ జూలైలో ఈ దళానికి హోమ్ గార్డ్ అని పేరు మార్చారు. (మన ఊళ్లలో కూడళ్ల దగ్గర పోలీసులకు సాయంగా నిలబడే హోంగార్డుల వ్యవస్థ వేరు, అది 1946లో బొంబాయిలో మొదలైంది.) సైన్యానికి పనికిరానంత వయసు మళ్లినవారు, పనికివచ్చే వయసు ఇంకా రాని కుర్రాళ్లు, వైద్య పరీక్షలో తప్పినవారు ఇందులో ఎక్కువగా ఉండేవారు. ధారావాహికకు ‘నాన్నల సైన్యం’ అనే అర్థం వచ్చే ఆ శీర్షిక అందుకే అంత చక్కగా అతికింది.

పెర్రీ స్వయంగా కుర్రతనంలో వాట్‌ఫర్డ్ హోమ్ గార్డ్‌లో పనిచేశాడు. దళంలో అందరికంటే చిన్నవాడైన పైక్‌కు తానే మూలమని, బాయొనెట్ (తుపాకీ మొనకు బిగించే కత్తి) పోటు అంటే శత్రువుకు అసలు గిట్టదని మాటిమాటికీ చెప్పే ముసలి జోన్స్‌కు తనతోపాటు కవాతు చేసిన ఒక పాత సైనికుడు మూలమని ఆయన చెప్పుకున్నాడు. అయితే జ్ఞాపకాలు ఎంత గొప్పవైనా విడివిడి సంఘటనలుగానే మిగులుతాయి. ఈ జ్ఞాపకాలను తొమ్మిదేళ్లపాటు కథగా నడిపించినది మానరింగ్, విల్సన్ అనే ఇద్దరి మధ్య రచయితలు పెట్టిన పేచీ.

వాల్మింగ్టన్-ఆన్-సీ ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఉన్నట్టు కల్పించిన చిన్న పట్టణం. అక్కడి స్వాలో బ్యాంకు శాఖకు జార్జ్ మానరింగ్ మేనేజరు. ఈడెన్ పిలుపు విన్న వెంటనే ఊళ్లోవారిని కూడగట్టి, ఎవరూ ఎన్నుకోకముందే తానే దళపతినని ప్రకటించుకుంటాడు. బ్యాంకులో అతడి కింద హెడ్ గుమస్తాగా పనిచేసే ఆర్థర్ విల్సన్ దళంలోనూ అతడి కిందనే సార్జెంటు అవుతాడు. ఈ ఇద్దరినీ మీరు రాయవలసి వస్తే ఎలా మలుస్తారో ఒక్క క్షణం ఆలోచించండి. కెప్టెన్‌ను పెద్ద వంశంలో పుట్టిన నాజూకు మనిషిగా, సార్జెంటును మోటుగా కేకలు వేసే సామాన్యుడిగా చూపడమే బ్రిటిష్ సైన్యం కథలలో ఆనవాయితీ. పెర్రీ, క్రాఫ్ట్ దానిని తలకిందులు చేశారు. ఆర్థర్ లోవ్ నటించిన మానరింగ్ పొట్టిగా, బొద్దుగా, బట్టతలతో ఉంటాడు. స్కాలర్‌షిప్పు మీద, ప్రతిభ చూసి పిల్లలను చేర్చుకునే గ్రామర్ స్కూలులో చదివి, బ్యాంకులో ఒక్కొక్క మెట్టూ ఎక్కి మేనేజరు గదికి చేరినవాడు. జాన్ లె మెజరర్ నటించిన విల్సన్ పొడగరి, అందగాడు, మృదుభాషి. ఉన్నవాళ్ల పిల్లలు చదివే పబ్లిక్ స్కూలులో చదివినవాడు. దళాన్ని వరుసలో నిలబెట్టమంటే, దయచేసి మూడు చక్కని వరుసలుగా నిలబడతారా అని బతిమాలుతున్నట్టు అడుగుతాడు. మానరింగ్ ఏ పథకం చెప్పినా, అది వివేకమేనంటారా సర్ అని అతి వినయంగా అడిగి, ఆ పథకంలోని గాలినంతా తీసేస్తాడు.

ఈ పాఠానికి ఆయువుపట్టు ఇక్కడే ఉంది. మానరింగ్‌కు అధికారం ఉంది కానీ, అది తనకు న్యాయంగా చెందినదని ఎదుటివారు ఒప్పుకుంటారన్న ధీమా లేదు. విల్సన్‌కు అధికారం లేదు, దాని మీద కోరికా లేదు. కిందివాడికి పైవాడి కుర్చీ మీద ఆశ ఉంటే అది ఎత్తులు పైఎత్తుల కథ అవుతుంది. ఎత్తు పారినా, పారకపోయినా ఆ రోజుతో కథ అయిపోతుంది. ఆ ఆశే లేనివాడు పక్కన ఉన్నప్పుడు పైవాడు పోరాడడానికి శత్రువు దొరకడు, కాబట్టి అతడి పోరాటానికి అంతమూ ఉండదు. విల్సన్ ఏ కుట్రా చేయనక్కరలేదు. కాలరు బొత్తాం పెట్టుకోవడం మరిచిపోయి, గోడకు కొంచెం ఆనుకుని నిలబడితే చాలు, మానరింగ్ మనసులో చిన్ననాటి నుంచి ఉన్న ముల్లు మళ్లీ కలుక్కుమంటుంది. నవ్వు అక్కడ పుడుతుంది. మాటల చమత్కారం ఆ తర్వాతి సంగతి.

ఇక్కడ ఆగి, మీ నోటుపుస్తకంలో ఒక పేజీ రాయండి. మీకు బాగా తెలిసిన పని చోటు ఒకటి ఎంచుకోండి. అది మండల కార్యాలయం కావచ్చు, సహకార సంఘం కావచ్చు, బడి కావచ్చు. పై కుర్చీలో ఉన్న మనిషికి ఏ విషయంలో తాను తక్కువన్న బాధ ఉందో ఒక్క వాక్యంలో రాయండి. ఆ విషయంలోనే ఏ ప్రయత్నమూ లేకుండా ఎక్కువైన మనిషిని అతడి కింద నియమించండి. కింది మనిషికి ప్రమోషన్ మీద ఆశ పుట్టించే వాక్యం ఏదైనా కలం జారి పడితే కొట్టివేయండి.

ఇలాంటి జంట ఎంత బరువు మోయగలదో రచయితలు 1970 నాటి ఒక భాగంలో పరీక్షించారు. విల్సన్‌కు ఈస్ట్‌గేట్ అనే పొరుగూరి శాఖలో మేనేజరు పదవి, దానితోపాటు అక్కడి హోమ్ గార్డ్‌లో ఆఫీసరు హోదా ఒక్కసారే వస్తాయి. తాను ఏళ్ల తరబడి కష్టపడి సంపాదించుకున్నది అతడి ఒడిలో వచ్చి పడడం చూసి, మానరింగ్ ఇన్నాళ్లూ దాచుకున్న కడుపుమంటనంతా వెళ్లగక్కుతాడు. తాను ప్రతి అడుగూ పోరాడి వేశానని, విల్సన్‌కు మాత్రం ఆయాలు, మంచి బడి, తండ్రి పలుకుబడి అన్నీ పుట్టుకతోనే అమిరాయని అంటాడు. ఆ మాటలలో అసూయ ఎంత ఉందో న్యాయం కూడా అంతే ఉంది. అందుకే చూసేవారికి నవ్వు వస్తూనే, నవ్వినందుకు కొంచెం ఇబ్బందిగా కూడా ఉంటుంది. విల్సన్ కొత్త కుర్చీలో కూర్చున్నాడో లేదో, వైమానిక దాడిలో ఆ శాఖ ధ్వంసమై, అతడు మళ్లీ పాత చోటుకే తిరిగి వస్తాడు.

ధారావాహిక రాసేవారు ఈ ముగింపును ప్రత్యేకంగా అధ్యయనం చేయాలి. భాగం చివర అన్నీ మొదటి స్థితికి రావాలన్నది ఈ ప్రక్రియలో తప్పని నియమం. ఆ రాక ఎవరి అసమర్థత వల్ల జరిగినా, ఆ పాత్ర ప్రేక్షకుడి మనసులో చిన్నదైపోతుంది. విల్సన్ పని చేతకాక తిరిగి వచ్చి ఉంటే మానరింగ్ గెలిచేవాడు. మానరింగ్ అడ్డుపడి ఉంటే అతడు నీచుడయ్యేవాడు. యుద్ధకాలపు కథ కావడంతో ఆకాశం నుంచి పడే బాంబు ఇక్కడ అతుకుబొంతలా అనిపించదు, ఎందుకంటే అది ఆ కథాకాలంలో నిత్యం జరుగుతున్నదే. మీ కథలో ఆ పని చేసే బాంబు ఏదో మీరు ముందే వెతికి పెట్టుకోవాలి. బదిలీ ఉత్తర్వుల రద్దు, కోర్టు స్టే, వరద, ఎన్నికల కోడ్, ఏదైనా సరే.

దళంలోని మిగిలినవారి గురించి క్లుప్తంగా చెబుతాను. జోన్స్ మాంసం కొట్టు యజమాని, ఫ్రేజర్ శవపేటికలు చేసే స్కాట్లండ్‌వాడు, వాకర్ రేషన్ సరుకులను నల్లబజారులో తిప్పేవాడు, గాడ్‌ఫ్రీ అక్కచెల్లెళ్లతో కుటీరంలో ఉండే సాధు వృద్ధుడు, పైక్ మెడలో తల్లి చుట్టిన మఫ్లరుతో వచ్చే బ్యాంకు కుర్రాడు. ప్రతి ఒక్కరికీ ఊతపదం ఉంది. కానీ అది పైపైన అతికించినది కాదని గమనించండి. కంగారు పడకండి, కంగారు పడకండి అని అరిచే జోన్సే అందరికంటే ఎక్కువగా కంగారు పడుతూ ఉంటాడు. ఊతపదం పాత్ర దాచాలనుకున్న దానిని బయటపెట్టాలి. లేకపోతే అది పదోసారికి పాచిపోతుంది. వీరికి తోడు, కూరగాయల కొట్టు నడుపుతూ వైమానిక దాడుల భయంతో రాత్రిళ్లు దీపాలు ఆర్పమని కేకలు వేసే వార్డెన్ హాడ్జెస్‌ను మానరింగ్ చిన్నచూపు చూస్తాడు. తనను తక్కువ చేస్తున్నారని కుమిలిపోయే మనిషే మరొకరిని తక్కువ చేయడం పాత్రకు నిజమైన లోతునిస్తుంది.

ఇప్పుడు ఒక్క వాక్యాన్ని విడదీసి చూద్దాం. 1973 నాటి ‘ద డెడ్లీ అటాచ్‌మెంట్’ భాగంలో, పట్టుబడిన జర్మన్ జలాంతర్గామి కెప్టెన్‌కు, అతడి మనుషులకు కాపలా కాసే పని ఈ దళానికి పడుతుంది. ఫిలిప్ మడాక్ నటించిన ఆ కెప్టెన్, యుద్ధం గెలిచాక లెక్క తేల్చుకుంటానంటూ తనను అవమానించినవారి పేర్లు జాబితాలో రాసుకుంటూ ఉంటాడు. పైక్ హిట్లర్‌ను వెక్కిరించే పాట అందుకుంటాడు. నీ పేరు కూడా ఈ జాబితాలోకి ఎక్కుతుంది, ఏమిటది అని జర్మన్ అడుగుతాడు. మానరింగ్ వెంటనే అడ్డుపడి, ‘వాడికి చెప్పకు, పైక్!’ అంటాడు.

బ్రిటిష్ ప్రేక్షకులు తరతరాలుగా తలచుకునే ఈ వాక్యంలో విడిగా చూస్తే చమత్కారమేమీ లేదు. జాబితాను ముందుగానే పరిచయం చేసి ఉంచడం వల్ల పేరు చెప్పడంలోని ప్రమాదం మనకు తెలుసు. పిల్లవాడిని కాపాడాలన్న మానరింగ్ తొందర నిజమైనది. తన ఆజ్ఞ ఒక్కటే పరిస్థితిని చక్కదిద్దగలదన్న అతడి నమ్మకం మనం ఎన్నో భాగాలుగా చూస్తూ వచ్చినది. బయటపడకూడని పేరు వాక్యంలో చిట్టచివర పడింది కాబట్టి, నవ్వడానికి ప్రేక్షకుడికి ఆ వెంటనే ఖాళీ దొరికింది. ఇదే మాటను వాకర్ అని ఉంటే తెలివితక్కువతనం అయ్యేది. మానరింగ్ అన్నందువల్ల అది అతడి జీవితచరిత్ర అయింది. మీరు రాసిన హాస్య వాక్యం ఏదైనా సరే, దానిని మరో పాత్ర నోట పెట్టి చూడండి. అప్పుడూ అంతే బాగుంటే, అది ఇంకా మీ పాత్రకు చెందలేదని అర్థం.

ఒక హెచ్చరిక కూడా అవసరం. దర్జా లేనివాడిని నవ్వులపాలు చేయడం చాలా సులువు, కాబట్టి కొత్త రచయితలు అక్కడితో ఆగిపోతారు. ఈ రచయితలు మానరింగ్ డాంబికాన్ని ఎంతగా ఎగతాళి చేసినా, అతడిని పిరికివాడిగా మాత్రం ఎన్నడూ చూపలేదు. శత్రువు దిగాడని తెలిపే చర్చి గంటలు మోగాయనుకున్న రోజున, చావు తప్పదని తెలిసి కూడా అతడు వెనక్కి తగ్గడు. గాడ్‌ఫ్రీ విషయంలో ఇదే మెలకువను 1969 నాటి ‘బ్రాండెడ్’ భాగంలో చూడవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో తాను ఆయుధం పట్టనని నిరాకరించిన సంగతి గాడ్‌ఫ్రీ బయటపెట్టగానే దళమంతా అతడిని వెలివేసినట్టు చూస్తుంది. ఆ తర్వాత పొగ నిండిన గుడిసెలో చిక్కిన మానరింగ్‌ను అతడే కాపాడతాడు. ఆనాటి యుద్ధంలో స్ట్రెచర్ మోస్తూ ఫ్రాన్స్‌లోని సోమ్ రణరంగంలో క్షతగాత్రులను రక్షించినందుకు అతడు మిలిటరీ మెడల్ అనే శౌర్య పతకం పొందాడని చివరికి తెలుస్తుంది. ఆ పాత్ర పోషించిన ఆర్నల్డ్ రిడ్లీ 1916లో అదే సోమ్‌లో నిజంగానే తీవ్రంగా గాయపడిన సైనికుడన్న సంగతి తెలిసి చూస్తే, ఆ వణికే చేతులు మరోలా కనిపిస్తాయి.

ఈ వారం అభ్యాసం ఇది. పైన మీరు సృష్టించిన ఇద్దరినీ రెండు పేజీల సన్నివేశంలో పెట్టండి. పై అధికారికి వచ్చిన ఒక సత్కారం గానీ, ఆహ్వానం గానీ పొరపాటున కింది మనిషి పేరు మీద రావాలి. కింది మనిషి దానిని మనస్ఫూర్తిగా వద్దనాలి. పై అధికారి సన్నివేశం మధ్యలో ఒక్కచోటైనా నిజమైన ధైర్యాన్నో, దయనో చూపించాలి. ఇద్దరిలో ఎవరూ గెలవకూడదు. రాసిన తర్వాత గట్టిగా చదివి, ఎవరు మాట్లాడుతున్నారో పేర్లు లేకుండానే తెలుస్తున్నదో లేదో మరొకరి చేత చూపించుకోండి.

అయిదో పాఠంలో తెర మీదికి రాని పాత్రలను ఎలా రాయాలో చూద్దాం. అందుకు నమూనా మానరింగ్ భార్య ఎలిజబెత్. ఆమె ముఖం ధారావాహికలో ఒక్కసారి కూడా కనిపించదు. ఫోనులో మనకు మానరింగ్ మాటలే వినిపిస్తాయి, బాంబు దాడుల షెల్టరులో ఆమె పడుకున్న పై పడక బరువుకు కుంగడం మాత్రం ఒకసారి కనిపిస్తుంది. ఆ పాఠానికి ముందు 1970 నాటి ‘మమ్స్ ఆర్మీ’ భాగాన్ని వీలైతే చూసి, రైల్వే స్టేషన్ సన్నివేశంలో మానరింగ్ ఇంటి ప్రస్తావన ఎన్నిసార్లు వచ్చిందో, ఎక్కడెక్కడ రావలసి ఉండి రాలేదో గుర్తించి రాసుకోండి.