ఎంజీబీ కారుకు తుప్పుపట్టిన సిల్ మార్చడం ఎలా?

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొనాలనుకునేవాళ్లకు తేలిగ్గా దొరికే బండి ఎంజీబీ. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిలో చాలా భాగం అమెరికాకు వెళ్లాయి. అంచేత బర్మింగ్‌హామ్‌లో ఉన్న తెలుగువాడికీ డెట్రాయిట్‌లో ఉన్న తెలుగువాడికీ ఒకటే తలనొప్పి: చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు, దానివల్ల వచ్చే తుప్పు.

ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు, బాడీయే అన్నీ. టాప్ లేని రోడ్‌స్టర్‌లో అయితే ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి పట్టుకునే భారం చాలావరకు డోర్ల కింద ఉండే సిల్ మీదే పడుతుంది. మన షెడ్లలో దీన్నే రన్నింగ్ బోర్డ్ అంటారు. అందుకే సిల్ మార్చడమంటే రేకు మార్చడం ఒక్కటే కాదు, రేకు తీసినంతసేపూ కారు ఆకారం చెడకుండా చూడటం. ఈ సంగతి పట్టించుకోకుండా కోసేసి, తర్వాత డోర్ పడటం లేదని లబోదిబోమనేవాళ్లను చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

ముందు తుప్పు ఎంతుందో చూడండి

చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి బాడీ కింది అంచుల వెంట జరుపుతూ పోండి. అతుక్కోని చోట లోపల లప్పం ఉన్నట్టే. బానెట్‌కు అతుక్కోకపోతే మాత్రం కంగారు పడకండి, తొలి ఎంజీబీల బానెట్ అల్యూమినియం. ముందు చక్రం వెనక ఫెండర్ లోపల బురద పేరుకుంటుంది, అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడవండి. డోర్ వెనక, ఫెండర్ కింది మూలలో రంగు బుడగలు కట్టి ఉంటే లోపల పని చాలానే ఉందని అర్థం.

పాత సిల్ మీదే కొత్త రేకు తొడిగి వెల్డ్ చేసే కవర్ సిల్ ఒకటుంది. పైన పటారం, లోన లొటారం. లోపలి తుప్పు నిక్షేపంగా పెరుగుతూనే ఉంటుంది. ఫైబర్‌గ్లాస్ అతుకులూ అంతే, వాటి వెనక నీళ్లు నిలుస్తాయి. వాటి గురించి నన్ను అడగవద్దు. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కార్లకు, పెద్ద మార్పులేవీ చేయకుండా ఉంటే, 2018 నుంచి ఎం.ఓ.టి. పరీక్ష (కారు రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో ఏటా చూసే పరీక్ష) తప్పనిసరి కాదు. కాబట్టి సిల్‌ను పొడిచి చూసే పని ఇప్పుడు మీదే.

సామాను

మిగ్ వెల్డింగ్ మెషీన్, 0.6 మి.మీ. వైరు, ఆర్గాన్-సీఓటూ కలిపిన గ్యాస్, చిన్న గ్రైండర్, 1 మి.మీ. కటింగ్ డిస్కులు, దొరికినన్ని క్లాంపులు, మాస్కు, తోలు గ్లవ్స్, మంటలార్పే సిలిండర్. ప్యానెళ్లు బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే కంపెనీవే కొనండి. ఫ్యాక్టరీ నాటి డైల (అచ్చుల) మీదే కొట్టినవి కాబట్టి ఉన్నచోట కూర్చుంటాయి. చవక ప్యానెల్‌తో మిగిలిన డబ్బు దాన్ని సరిచేసే టైముకు చాలదు.

బ్యాటరీ కనెక్షన్ తీసేయండి. పాత మోడళ్లలో సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలుంటాయి, రెండూ తీయాలి. సీట్లు, కార్పెట్, పెట్రోల్ ట్యాంకు దించేయండి. కింద నల్లగా పూసిన అండర్‌సీల్‌ను గీకేయండి, వెల్డింగ్ వేడికి దానికి నిప్పంటుకుంటుంది.

అసలు కష్టం ఇక్కడుంది

కోత మొదలుపెట్టకముందే కారును నిలబెట్టే పద్ధతి తేల్చుకోవాలి. చాలామంది జాకీని కారు మధ్యలో పెట్టి ఎత్తేసి గ్రైండర్ పట్టుకుంటారు. మధ్యలో ఎత్తితే ముందూ వెనకా బరువుకు కిందికి వాలతాయి, డోర్ గ్యాప్ పైభాగంలో విచ్చుకుంటుంది. రెండు చివర్లే ఆనించి, సిల్ బలహీనంగా ఉంటే నడుం దిగుతుంది, గ్యాప్ పైన మూసుకుపోతుంది. ఏ స్థితిలో వెల్డ్ చేస్తే కారు ఆ స్థితిలోనే బిగుసుకుంటుంది. ఆ తర్వాత ఎంత సుత్తితో కొట్టినా డోర్ సరిగా పడదు.

నేల చదునుగా ఉండాలి, అటూ ఇటూ లెవెల్ పెట్టి చూడండి. కారు బరువు సస్పెన్షన్ బిగించి ఉండే చోట్లే పడేలా, ముందు క్రాస్‌మెంబర్ (అడ్డదూలం) కింద, వెనక యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టండి. డోర్లు తీయకండి. తీసేస్తే కారు వాలిందో లేదో చెప్పేదేముంది? రెండు డోర్లూ వేసి చుట్టూ గ్యాప్ చూడండి. నాకు 4, 5 మి.మీ. సమానంగా ఉంటేనే తృప్తి. ఇప్పటికే నడుం దిగిన కారైతే, ఫ్లోర్ కింది క్రాస్‌మెంబర్‌కు చెక్క అడ్డంపెట్టి బాటిల్ జాకీతో నెమ్మదిగా ఎత్తండి. ఒక్కో పంపుకూ ఆగి గ్యాప్ చూసుకోవాలి. కరకరమని శబ్దం వస్తే ఆపేయండి, అక్కడి రేకు పుచ్చిపోయింది.

గ్యాప్ కుదిరాక దాన్ని కదలకుండా కట్టేయాలి. 25 మి.మీ. చదరపు స్టీల్ ట్యూబు వాడండి, యాంగిల్ వద్దు, అది మెలి తిరుగుతుంది. డోర్ తెరుచుకోవడానికి, మూసుకోవడానికి అడ్డం రాకుండా క్యాబిన్ లోపలి వైపు పెట్టాలి. డోర్ కీళ్లుండే హింజ్ పిల్లర్ నుంచి డోర్ తాళం పడే లాక్ పిల్లర్‌కు ఒక ట్యూబు, దానికి అయిమూలగా మరొకటి, రెండువైపుల పిల్లర్లను కలుపుతూ అడ్డంగా ఇంకొకటి. ఆ తర్వాత టేపుతో అయిమూల కొలతలు తీసి పిల్లర్ మీదే మార్కర్‌తో రాసుకోండి. కాగితం మీద రాస్తే కావలసినప్పుడు దొరకదు.

ఒకసారి ఒక్క వైపే కోయాలి. రెండో వైపును దీని పని పూర్తయ్యేదాకా ముట్టుకోకండి. టైము కలిసొస్తుందని రెండూ కోసేస్తే ఎంత ట్యూబు కట్టినా నమ్మలేం.

ముందు ఫెండర్ బోల్టులతో ఉంటుంది, ముందురోజే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి విప్పేయండి. వెనక ఫెండర్ వెల్డ్ చేసి ఉంటుంది కాబట్టి కింది ముక్కను మాత్రమే కోయండి. అప్పుడు బయటి సిల్ తీస్తే లోపల నిలువుగా ఒక రేకు, దాని కింద కోట గోడలా మెట్లున్న క్యాజిల్ రైల్ కనిపిస్తాయి. పుచ్చిపోయినంత మేరే, కొంచెం కొంచెంగా కోయండి. ఫ్లోర్ అంచు కూడా పోయి ఉంటే దాన్నీ ఇప్పుడే సరిచేయాలి. మిగిలిన రేకు మెరిసేదాకా గ్రైండ్ చేసి, అతికే రెండు ముఖాలకూ వెల్డింగ్ ప్రైమర్ వేయండి.

కూర్చే వరస: క్యాజిల్ రైల్, నిలువు రేకు, చివరగా బయటి సిల్. ప్రతి దాన్నీ క్లాంప్ చేసి డోర్ వేయండి. టాకాలు (అక్కడక్కడ చిన్న వెల్డ్ చుక్కలు) వేసి మళ్లీ డోర్ వేయండి. రాసుకున్న కొలతలతో సరిచూడండి. విసుగ్గా ఉంటుంది, అయినా చేయాలి. టాకా అయితే గ్రైండర్‌తో క్షణంలో ఊడుతుంది, నిండు వెల్డ్ అయితే సగం రోజు పోతుంది.

పూర్తి వెల్డ్ ఒకే గీతగా లాగకండి, వేడికి రేకు ముడుచుకుంటుంది. రెండు సెంటీమీటర్లు ఇక్కడ, రెండు సెంటీమీటర్లు ఆ చివర, మళ్లీ మధ్యలో. చేయి పెట్టగలిగేంత చల్లారాకే దగ్గరి ముక్క వెల్డ్ చేయండి. నీళ్లు పోసి చల్లార్చవద్దు. సిల్ అంచులకు మూడు నాలుగు సెంటీమీటర్లకొక 6 మి.మీ. రంధ్రం చేసి అందులో వెల్డ్ నింపితే ఫ్యాక్టరీ స్పాట్ వెల్డ్‌లాగే పట్టుకుంటుంది. ముక్కలు అతికించిన చోట మాత్రం అంచు చుట్టూ ఖాళీ లేకుండా వెల్డ్ ఉండాలి. పని ఆపాక ఓ అరగంట అక్కడే ఉండండి, నిప్పురవ్వ ఎక్కడైనా రాజుకోవచ్చు.

రెండో వైపు కూడా అయ్యాకే ట్యూబులు కోయండి.

మిగతా పని

వెల్డ్‌లను చదును చేసి, జాయింట్లకు సీమ్ సీలర్ పూసి, ఫెండర్లు పెట్టి, ప్రైమర్, రంగు వేయండి. గీతలు కప్పడానికి పల్చగా లప్పం పెడితే తప్పు లేదు.

రంగు ఆరాక సిల్ లోపలికి కేవిటీ వాక్స్ (లోపలి ఖాళీల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టాలి. వెల్డింగ్‌కు ముందు కొట్టకూడదు, మండుతుంది. డబ్బాను కాసేపు వేడినీళ్లలో ఉంచితే వాక్స్ పల్చబడి మూలమూలకూ పాకుతుంది. సన్న గొట్టాన్ని చివరిదాకా దూర్చి, వెనక్కి లాగుతూ కొట్టండి. సిల్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలుంటాయి. వాక్స్ గడ్డకట్టాక తీగతో పొడిచి వాటిని తెరవండి. మొదటి రెండు మూడు రోజులు కారు కింద అట్టముక్కలు పరిచి ఉంచండి, ఎండ తగిలినప్పుడల్లా మిగిలిన వాక్స్ కారుతూనే ఉంటుంది.