కంపనాల ల్యాబ్, 5వ పాఠం: డ్యాంపింగ్, దాన్ని తప్పుగా చూపించే విండో

వైస్‌లో బిగించిన ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) ఫ్లాట్‌కి (25 × 5 మి.మీ., బయటికున్న పొడవు 400 మి.మీ.) మొదటి నేచురల్ ఫ్రీక్వెన్సీ (కదిపి వదిలితే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) 25.5 హెర్ట్జ్ రావాలని గత పాఠంలో లెక్క కట్టాం. చాలామందికి 22 దగ్గరే ఆగిపోయింది. స్టీల్ నాసిరకమేమో అని అనుమానపడకండి, దాని తప్పేమీ లేదు. ఇది తేలకుండా డ్యాంపింగ్ (కంపనం క్రమంగా అణగిపోవడం) జోలికి వెళ్తే అక్కడా తప్పులే వస్తాయి కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

ఫ్లాట్ బరువు దాదాపు 392 గ్రాములు. మొదటి మోడ్‌లో (అతి తక్కువ ఫ్రీక్వెన్సీతో ఊగే తీరులో) కొన దగ్గర లెక్కకొచ్చేది అందులో నాలుగో వంతు, అంటే 98 గ్రాములే. మీరు సరిగ్గా ఆ కొన మీదే అయస్కాంతం బేసుతో కలిపి 30 గ్రాముల యాక్సిలరోమీటర్ (కంపనాన్ని కొలిచే సెన్సర్) పెట్టారు. 98ని 128తో భాగించి వర్గమూలం తీస్తే 0.875. దాన్ని 25.5తో గుణిస్తే 22.3. మీ కొలత సరైనదే, కాకపోతే మీరు కొలిచింది ఫ్లాట్‌ని, సెన్సర్‌ని కలిపి.

సెన్సర్ బరువుని లెక్కలోంచి తీసేయడానికి తేలిక దారి ఉంది. సెన్సర్ కింద, ఫ్లాట్ అడుగున, ఇంకో 30 గ్రాముల నట్టు అంటించి మళ్లీ కొలవండి. 20.07 వస్తుంది. ఇప్పుడు ఫ్రీక్వెన్సీ వర్గానికి విలోమం తీసుకోండి: 30 గ్రాములకు 0.002011, 60కి 0.002483. బరువుతో పాటు ఇది సరళరేఖలో పెరుగుతుంది కాబట్టి ఆ తేడానే వెనక్కి తీస్తే, సున్నా గ్రాములకు 0.001539. దాని ఫ్రీక్వెన్సీ 25.5. ఇంజనీర్ డంకర్లీ 1894లో షాఫ్టుల కోసం వాడిన కూడిక ఇదే తరహా. ఇంత చేసినా తక్కువే వస్తే మందాన్ని వెర్నియర్‌తో చూడండి. 5 బదులు 4.8 ఉంటే 4 శాతం అక్కడే పోతుంది. వైస్ దవడల మధ్య పెయింట్, తుప్పు ఉంటే గీకేయండి.

ఇక డ్యాంపింగ్. అయస్కాంతం తీసేసి 10 గ్రాముల సెన్సర్‌ని తేనెమైనంతో అంటించండి. ఫ్రీక్వెన్సీ 24.3కి వస్తుంది. కేబుల్‌ని వైస్ దాకా ఫ్లాట్ వెంటే టేపు వేసుకుంటూ పోండి. వేలాడే కేబుల్ తన రాపిడిని కూడా మీ లెక్కలో కలిపేస్తుంది. ఈ పనికి హ్యామర్ వద్దు, అది పై మోడ్‌లని కూడా లేపుతుంది. కొనని వేలితో 3 మి.మీ. నొక్కి వదిలితే చాలు. మొదటి సెకను వదిలేసి, ఎత్తు సగానికి పడేలోపు ఎన్ని సైకిళ్లు పట్టాయో లెక్కపెట్టండి. 0.11ని ఆ సంఖ్యతో భాగిస్తే డ్యాంపింగ్ రేషియో. 50 సైకిళ్లయితే 0.0022, అంటే 0.22 శాతం. ఆ సగం మళ్లీ సగమవడానికీ దాదాపు అన్నే పట్టాలి. బాగా తేడా వస్తే ముందు బిగింపుని అనుమానించండి.

ఇక్కడే ఉంది అసలు మెలిక. ఇంపాక్ట్ మోడ్ (హ్యామర్ దెబ్బ పరీక్షకు ఉండే సెట్టింగు) పెట్టగానే కొన్ని సాఫ్ట్‌వేర్‌లు ఎక్స్‌పొనెన్షియల్ విండోని, అంటే రికార్డు చివరికి వెళ్లేకొద్దీ సిగ్నల్‌ని అణిచే గుణకాన్ని, వాటంతటవే వేసేస్తాయి. రికార్డు ముగిసేలోపు సిగ్నల్ చావకపోతే వచ్చే లీకేజీని (శక్తి పక్క ఫ్రీక్వెన్సీలకు చిందడాన్ని) ఆపడానికి అది ఉంది. కానీ అది సిగ్నల్‌ని తనంతట తాను తగ్గిస్తుంది, ఆ తగ్గుదలని మీరు లోహం ఖాతాలో రాస్తారు. రికార్డు 2 సెకన్లు, విండో చివర 1 శాతానికి పడేలా ఉందనుకోండి. సహజ లాగరిథమ్ లెక్కన అది సెకనుకు 2.3 క్షయం. కోణీయ ఫ్రీక్వెన్సీ (2π × 24.3 =) 152.7తో భాగిస్తే 1.51 శాతం. నిజంగా ఉన్నది 0.22, తెర మీద కనిపించేది 1.73. దాదాపు ఎనిమిది రెట్లు! రిపోర్టులో "స్టీల్ డ్యాంపింగ్ 1.7 శాతం" అని కనిపిస్తే, ముందు విండో సెట్టింగు చూడాలి.

హాఫ్ పవర్ పద్ధతి (ఫ్రీక్వెన్సీ గ్రాఫ్‌లో శిఖరం వెడల్పు నుంచి డ్యాంపింగ్ లెక్కించడం) కాపాడుతుందనుకోకండి. ఈ శిఖరం నిజమైన వెడల్పు 0.107 హెర్ట్జ్. 2 సెకన్ల రికార్డులో ఆ గ్రాఫ్‌లోని ఫ్రీక్వెన్సీ గీతల మధ్య దూరమే 0.5 హెర్ట్జ్. రికార్డుని 16 సెకన్లు చేసి విండో తీసేసినా గీతల దూరం 0.0625, వెడల్పులో రెండు గీతలు కూడా పట్టవు. 16 సెకన్ల రికార్డు వేరే రకంగా పనికొస్తుంది. సిగ్నల్ 1 శాతానికి పడడానికి సుమారు 14 సెకన్లు కావాలి కాబట్టి అది విండో లేకుండానే చచ్చిపోతుంది. టైమ్ సిగ్నల్ మీదే సైకిళ్లు లెక్కపెట్టండి. తప్పనిసరై విండో వాడితే, దాని క్షయాన్ని కోణీయ ఫ్రీక్వెన్సీతో భాగించి, వచ్చినదాన్ని మీ జవాబులోంచి తీసేయండి.

అభ్యాసం: పొడవు 300 మి.మీ.కి తగ్గించండి. సెన్సర్ లేకుండా 45.3 హెర్ట్జ్ రావాలి. 10, 20, 40 గ్రాములతో కొలిచి, బరువుకి ఎదురుగా ఫ్రీక్వెన్సీ వర్గ విలోమాన్ని గ్రాఫ్ గీయండి. మూడు బిందువులూ ఒకే గీత మీద పడాలి. తర్వాత 10 గ్రాముల సెన్సర్‌తో ఒకే రికార్డుని ముందు విండో లేకుండా, తర్వాత విండో వేసి సవరించి, రెండు సార్లూ డ్యాంపింగ్ రాయండి. రెండూ 10 శాతం లోపు కలిసేదాకా తదుపరి పాఠానికి రావద్దు.