జపాన్‌లో చవక భోజనానికి వెళ్లేముందు

టోక్యోలో గ్యూదోన్ (గొడ్డుమాంసం వేసిన అన్నం), రామెన్ (నూడుల్స్ సూప్) దుకాణాలు జేబుకు తేలికే. లోపలికి అడుగు పెట్టేముందు ఇవి చూసుకోండి.

• వెయ్యి యెన్‌ల నోట్లు, చిల్లర దగ్గర ఉంచుకోండి. చాలాచోట్ల తలుపు పక్కనే టికెట్ యంత్రం ఉంటుంది. డబ్బు వేసి, కావలసినదాని మీట నొక్కి, వచ్చిన చీటీని వంటవారికి ఇవ్వాలి. కొన్ని పాత యంత్రాలు పదివేల నోటును తీసుకోవు. 2024 జూలైలో వచ్చిన కొత్త నోట్లనూ వెనక్కి తోసేస్తాయి.

• శాకాహారులకు అసలు చిక్కు పులుసులోనే. గ్యూదోన్ అంటే అన్నం మీద గొడ్డుమాంసం అని పేరు తెలిస్తే చాలు, తప్పించుకోవచ్చు. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్ అలా కాదు. పైకి తేలేవి తోఫు (సోయా పన్నీర్) ముక్కలు, నాచు మాత్రమే. అడుగున ఉన్నది మాత్రం సాధారణంగా ఎండు చేప మరిగించిన నీళ్లు. అందుకే ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు. ‘చేప, చేప పులుసు కూడా వద్దు’ అని జపనీస్‌లో ఫోనులో రాసిపెట్టుకోండి.

• పళ్లేలు బెల్టు మీద తిరిగే సుషీ హోటల్లో బల్లకున్న కుళాయి కింద చెయ్యి పెట్టకండి. చేతులు కడుక్కునే అలవాటు మనది, అందులో వచ్చేవి టీ కలుపుకునే సలసల కాగే నీళ్లు!

• చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చకూడదు. చనిపోయినవారికి అన్నం పెట్టే తీరు అది.

• టిప్పు అక్కర్లేదు.