యుద్ధకాలంలో అంతగా పేరు రాని నేతలు, సైనికుల సంతకాలు సేకరించడం ఎలా?

లింకన్ సంతకమో చర్చిల్ సంతకమో సొంతం చేసుకోవాలంటే చాలా డబ్బు కావాలి. పైగా అలాంటి పేర్ల మీదే నకిలీలు ఎక్కువ. కానీ అవే రోజుల్లో చట్టసభలో వెనక వరుసలో కూర్చుని సైన్యం ఖర్చుకు ఓటేసిన సభ్యులున్నారు. వంద మంది సైనికులను వెంటబెట్టుకుని నడిచిన కెప్టెన్లున్నారు. వాళ్ల సంతకాలు ఇప్పటికీ మామూలు సేకర్తకు అందే ధరలోనే దొరుకుతున్నాయి. కాకపోతే పేరున్న మనిషి గురించి పుస్తకాలుంటాయి, పేరు రాని మనిషి ఎవరో మనమే వెతికి తేల్చాలి. నా దృష్టిలో ఈ సేకరణలో అసలు పని, అసలు ఆనందం ఆ వెతుకులాటే.

1. ముందు ఒక హద్దు పెట్టుకోండి

"యుద్ధాల సంతకాలు" అని మొదలుపెడితే ఎటూ తేలదు. ఒక యుద్ధం, అందులో ఒక గుంపు ఎంచుకోండి. 1863–65 నాటి అమెరికా కాంగ్రెస్ సభ్యులు కావచ్చు, ఒక రెజిమెంట్ అధికారులు కావచ్చు, రెండో ప్రపంచ యుద్ధంలో ఒక బాంబర్ స్క్వాడ్రన్ కావచ్చు. పేర్ల జాబితా రాసుకుని, ప్రతి పేరు పక్కన చనిపోయిన తేదీ వేయండి. ఏది దొరుకుతుందో, ఏది దొరకదో ఆ తేదీయే చెబుతుంది.

అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద 56 మంది సంతకం పెట్టారు. వాళ్లలో అతి అరుదైన సంతకం జార్జియా ప్రతినిధి బటన్ గ్విన్నెట్‌ది. ఆయన 1777లోనే ద్వంద్వయుద్ధంలో గాయపడి చనిపోయాడు. థామస్ లించ్ జూనియర్ 1779లో సముద్ర ప్రయాణంలో గల్లంతయ్యాడు, ఆయనదీ అరుదే. 1943 మేలో బ్రిటన్ వైమానిక దళం తరఫున జర్మనీ ఆనకట్టల మీద దాడికి వెళ్లిన 133 మంది వైమానికుల్లో 53 మంది ఆ రాత్రే చనిపోయారు. బతికి వచ్చినవాళ్లలో కొందరు ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు సంతకాలిచ్చారు, తిరిగి రానివాళ్లవి మాత్రం పాత ఉత్తరాల్లో, లాగ్‌బుక్కుల్లో వెతుక్కోవాలి.

2. సంతకాలు ఎక్కడ దాగి ఉంటాయో తెలుసుకోండి

కొత్తవాళ్లు ఉత్తరాల కోసమే చూస్తారు. కవర్లను చూడటం నేర్చుకుంటే సగం దారి దొరికినట్టే.

అమెరికా కాంగ్రెస్ సభ్యులు ఒకప్పుడు కవరు మీద స్టాంపు అతికించకుండా తమ సంతకంతోనే ఉత్తరాలు పంపేవారు. కవరు కుడివైపు పై మూలన పేరు, దాని పక్కన "ఎం.సి." (మెంబర్ ఆఫ్ కాంగ్రెస్) అనే అక్షరాలు కనిపిస్తాయి. 1873లో తీసేసేదాకా ఈ సౌకర్యం ఉంది కాబట్టి అమెరికా అంతర్యుద్ధం (1861–65) నాటి కవర్లు బాగానే మిగిలాయి. బ్రిటన్ పార్లమెంటు సభ్యులకు ఈ సౌకర్యం 1840లోనే పోయింది, అంటే నెపోలియన్ యుద్ధాల నాటి సభ్యుల సంతకాలు కూడా ఇలా దొరుకుతాయి.

ఆ అంతర్యుద్ధంలోనే స్టాంపు కొనలేని సైనికుడు "సోల్జర్స్ లెటర్" అని రాసి ఉత్తరం వేయవచ్చు. తపాలా ఖర్చు ఉత్తరం అందుకున్నవాళ్లు కట్టేవారు. కానీ అది నిజంగా సైనికుడిదేనని ఒక అధికారి కవరు మీద సంతకం చేయాలి. ఇంకెక్కడా పేరు కనిపించని ఎందరో మేజర్ల చేతిరాత ఈ కవర్ల మీదే మిగిలింది. రెండో ప్రపంచ యుద్ధానికి వస్తే, సైనికుల ఉత్తరాలను వాళ్ల యూనిట్ అధికారే చదివి సెన్సార్ చేసేవాడు. సాధారణంగా కవరు ఎడమవైపు కింది మూలన అతని సంతకం ఉంటుంది. అమ్మేవాళ్లు చాలాసార్లు స్టాంపును చూసి ధర కడతారు, ఆ మూలను పట్టించుకోరు.

అదే యుద్ధంలో విమానాల్లో తిరిగినవాళ్లు కరెన్సీ నోట్ల మీద ఒకరికొకరు సంతకాలు చేసుకునేవారు. ఆ నోట్లను "షార్ట్ స్నార్టర్" అంటారు. ఒక్క నోటు మీద పైలట్లు, సైనికాధికారులు, ప్రభుత్వ పని మీద ప్రయాణించినవాళ్లు అంతా కలిసి కనిపిస్తారు. ఒక్కో పేరూ విప్పుకుంటూ పోతే నెలలు గడిచిపోతాయి.

చిన్న అట్ట ఫొటోల దగ్గర జాగ్రత్త. 1860ల నాటి ఫొటో కింద పేరుంటే అది సంతకమేనని అనుకోకండి. ఆల్బమ్ ఉన్న ఇంటివాళ్లు గుర్తు కోసం రాసిన పేరు కావచ్చు. వెనక పన్ను స్టాంపు ఉంటే మాత్రం ఒక మేలుంది: అమెరికాలో ఫొటోల మీద ఆ పన్ను 1864 సెప్టెంబరు నుంచి 1866 ఆగస్టు దాకానే ఉంది, కాబట్టి ఫొటో ఎప్పుడు అమ్మారో తెలిసిపోతుంది.

3. బతికి ఉన్నవాళ్లకు రాసేటప్పుడు

రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడినవాళ్లు ఇప్పుడు చాలా కొద్దిమందే ఉన్నారు, అందరూ బాగా పెద్దవాళ్లు. ఇంటి చిరునామా కోసం వెతక్కండి, వాళ్ల రెజిమెంట్ సంఘం ద్వారా రాయండి. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ఒక్క కార్డు, తిరుగు కవరు, దానికి సరిపడా స్టాంపు పెట్టండి. వాళ్ల సేవ గురించి మీకేం తెలుసో రెండు వాక్యాలు రాసి ఒక్క ప్రశ్న అడగండి. జవాబు రాకపోతే మళ్లీ విసిగించవద్దు. వచ్చిన సంతకాన్ని అమ్మకానికి పెట్టడం నాకు ఎంత మాత్రం నచ్చదు, అది వాళ్లు మన మీద నమ్మకంతో ఇచ్చింది.

4. అసలుదో కాదో తేల్చుకోండి

ముందు పోల్చడానికి ఒక నమ్మకమైన సంతకం కావాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన ఆస్ట్రేలియా సైనికుల రికార్డులు ఆ దేశ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు, చేరిన రోజు పెట్టిన సంతకంతో సహా. అమెరికా అంతర్యుద్ధ సైనికుల పింఛను ఫైళ్లూ ఇందుకు బాగా పనికొస్తాయి. అన్ని చోట్లా ఇంత సులువు కాదు. 1940లో లండన్ మీద జరిగిన బాంబు దాడిలో బ్రిటిష్ సైనికుల మొదటి యుద్ధం నాటి రికార్డులు సగానికి పైగా కాలిపోయాయి. 1973లో అమెరికాలోని సెయింట్ లూయిస్ అగ్నిప్రమాదంలో కోటీ అరవై లక్షలకు పైగా సైనిక ఫైళ్లు పోయాయి. అలాంటప్పుడు వీలునామాలు, పెళ్లి రిజిస్టర్లు, స్థానిక చరిత్ర సంఘాల దగ్గరున్న ఉత్తరాలు చూడాలి.

ఆ తర్వాత భూతద్దం తీయండి. పాత సిరా కాలక్రమంలో గోధుమ రంగుకు తిరిగి కాగితంలోకి ఇంకిపోయి ఉంటుంది. పాత కాగితం మీద ఈ మధ్య రాసి ఉంటే గీతల అంచులు పాకినట్టు కనిపిస్తాయి. మడత దగ్గర ఆగి చూడండి: సిరా మడతలోకి చీలి పాకిందంటే, కాగితాన్ని మడిచాకే రాశారన్నమాట. చేయి తడుముకోకుండా, వేగంగా సాగిన గీత మంచి సూచన. వణుకుతూ బొమ్మలా గీసిన గీతను అనుమానించండి. బాల్‌పాయింట్ పెన్ను అమెరికా దుకాణాల్లోకి వచ్చిందే 1945 అక్టోబరులో, కాబట్టి 1942 తేదీ వేసి బాల్‌పెన్నుతో చేసిన సంతకం చూస్తే వదిలేయండి.

కాగితాన్ని చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి కింద పెట్టండి. నీలి తెలుపు కాంతితో మెరిసిపోతే అందులో యుద్ధం తర్వాత వాడుకలోకి వచ్చిన తెల్లదనపు రసాయనం ఉండే అవకాశం ఎక్కువ. 1983లో జర్మనీలో సంచలనం రేపిన హిట్లర్ డైరీలు నకిలీవని తేల్చడంలో కాగితంలోని ఇలాంటి రసాయనమే కీలకమైంది.

సంతకం అసలుదే అయినా మనిషి వేరే కావచ్చు. పైన చెప్పిన థామస్ లించ్ తండ్రి పేరూ థామస్ లించే, ఆయన కూడా స్వాతంత్ర్య ప్రకటన చేసిన ఆనాటి కాంగ్రెస్‌లో ప్రతినిధి. రాజకీయ నాయకుల ఉత్తరాల మీద కార్యదర్శులు సంతకం చేసిన సందర్భాలూ చాలానే ఉన్నాయి. సంతకం కింద రాసిన హోదాను ఉత్తరం తేదీతో సరిచూడండి. ఇంకా కెప్టెన్‌గా ఉన్న రోజుల్లో సాధారణంగా ఎవరూ కల్నల్ అని రాసుకోరు.

5. కొనే ముందు పుట్టుపూర్వోత్తరాలు అడగండి

ఎవరి దగ్గర నుంచి వచ్చిందో అడిగి రాయించుకోండి. అందంగా అచ్చువేసిన ధ్రువపత్రం కన్నా, నకిలీ అని తేలితే ఎప్పుడైనా డబ్బు వెనక్కిస్తానని డీలరు రాసిచ్చిన బిల్లు మేలు. ఆర్కైవ్ ముద్రో, ఫైలు నంబరో, బైండింగు నుంచి చింపిన అంచో కనిపిస్తే కొనకండి. 1865లో ఒక సైనికుడు పట్టుకుపోయిన అమెరికా రాజ్యాంగంలోని హక్కుల బిల్లు (బిల్ ఆఫ్ రైట్స్) తాలూకు నార్త్ కరోలినా రాష్ట్ర ప్రతిని 2003లో ఎఫ్‌బీఐ స్వాధీనం చేసుకుంది. ప్రభుత్వ పత్రం ఎన్నేళ్లయినా ప్రభుత్వానిదే కావచ్చు.

6. భద్రపరచండి, రాసిపెట్టండి

ఆమ్లం లేని ఫోల్డరు, పాలిస్టర్ కవరు చాలు. లామినేషన్, సెల్లోటేపు, జిగురు వద్దు. గోడకు పెట్టాలనుకుంటే రంగుల కాపీ తీసి పెట్టి, అసలును చీకట్లో ఉంచండి. ఉత్తరం నుంచి సంతకాన్ని కత్తిరించే పని మాత్రం ఎప్పుడూ చేయకండి. పంతొమ్మిదో శతాబ్దపు సేకర్తలు ఆ పని చేయబట్టే ఎందరో సైనికులు ఎవరికి, ఎక్కడి నుంచి, ఏం రాశారో మనకు తెలియకుండా పోయింది.

ప్రతి కాగితానికీ ఒక విడి పత్రం రాయండి: పూర్తి పేరు, పుట్టిన, చనిపోయిన తేదీలు, యూనిట్ లేదా నియోజకవర్గం, దేనితో పోల్చి చూశారు, ఎవరి దగ్గర కొన్నారు, ఇంకా ఏది తేలలేదు. స్కాన్ తీసి ఆ రెజిమెంట్ మ్యూజియానికో, ఆ ఊరి చరిత్ర సంఘానికో పంపండి. అక్కడివాళ్ల దగ్గర ఆ మనిషి ఫొటో ఉండి, చేతిరాత లేకపోవచ్చు.