మానసిక అత్యవసర వార్డులో చేర్పించాలంటే: ఎవరు సంతకం పెట్టాలి, ఎన్నాళ్లు ఉంచుతారు

ఇంట్లో మనిషి రోజుల తరబడి నిద్రపోకుండా, ఎవరో చంపడానికి వస్తున్నారంటూ తలుపులు వేసుకుని కూర్చుంటే చాలా కుటుంబాలు ఇప్పటికీ లాయరు కోసం పరిగెడతాయి. జడ్జి ఆర్డరు లేకపోతే ఆసుపత్రిలో చేర్చుకోరని ఎవరో చెప్పి ఉంటారు. అది 1987 నాటి పాత చట్టం మిగిల్చిన భయం. ఇప్పుడు నడుస్తున్నది మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. ఇంటివాళ్లు తీసుకొచ్చిన మనిషిని చేర్చుకోవడానికి కోర్టు కాగితం అక్కర్లేదు.

పురుగుల మందు తాగినా, గాయం చేసుకున్నా, ఎదుటివాళ్ల మీదికి వెళ్తున్నా ముందు 108కి ఫోన్ చేసి దగ్గర్లోని ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. అక్కడ సైకియాట్రిస్ట్ లేకపోయినా రిజిస్టర్డ్ డాక్టరు ఎవరైనా అత్యవసర చికిత్స మొదలుపెట్టవచ్చని సెక్షన్ 94 చెబుతోంది. గరిష్ఠంగా 72 గంటలు. ఈలోపు మానసిక వైద్యశాలకు చేర్చి పరీక్ష చేయించాలి. ఈ సెక్షన్ కింద కరెంటు చికిత్స ఇవ్వకూడదు. ఆత్మహత్యాయత్నం అంటే పోలీసు కేసవుతుందని విషయం దాచేవాళ్లున్నారు. దాచకండి, ఏం తాగారో తెలియకపోతే డాక్టరు ఏం చేయగలరు? అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని సెక్షన్ 115లో ఉంది.

ప్రత్యేక ఆసుపత్రులంటే తెలంగాణలో ఎర్రగడ్డ, ఆంధ్రలో విశాఖపట్నం చినవాల్తేరు అందరికీ తెలిసినవే. అంత దూరం వెళ్లలేకపోతే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉందేమో ముందు కనుక్కోండి. ఎటు వెళ్లాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇక అసలు దరఖాస్తు. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి చికిత్స గురించి అర్థం చేసుకోగలిగితే, తన ఇష్టంతో ఒప్పుకుంటే, తనే సంతకం పెట్టి చేరవచ్చు. చట్టం ముందు చూడమనేది ఈ దారినే. నా మాట వింటే, ఇంటివాళ్లు అరగంట ఓపిగ్గా కూర్చుని ఒప్పించడానికే ప్రయత్నించాలి. మోసం చేసి, గుడికి వెళ్దామని చెప్పి ఎక్కించుకొస్తే తర్వాత ఆ మనిషి డాక్టర్ని నమ్మడు, మిమ్మల్నీ నమ్మడు.

ఒప్పుకునే స్థితిలో లేకపోతే సెక్షన్ 89 ఉంది. దరఖాస్తు నామినీ, అంటే చికిత్స విషయంలో రోగి తరఫున నిలబడే మనిషి, పెట్టాలి. ఒక సైకియాట్రిస్ట్, ఇంకో డాక్టరు లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు విడివిడిగా పరీక్షించాలి. తనకు తాను హాని చేసుకునేలా ఉన్నాడనో, ఇతరుల మీద హింసకు దిగుతున్నాడనో, తిండీ ఒళ్లూ చూసుకోలేక ప్రమాదంలో పడతాడనో ఇద్దరూ తేల్చాలి. ఊరికే ‘మాట వినడం లేదు, తాగుతున్నాడు’ అంటే చాలదు.

ఈ నామినీ సంగతి దగ్గరే ఇళ్లలో గొడవలు మొదలవుతాయి. భార్య చేర్పించాలంటుంది, అన్నదమ్ములు పరువు పోతుందంటారు. మనిషి బాగున్నప్పుడే తెల్లకాగితం మీద ఫలానా వాళ్లు నా తరఫున ఉంటారని రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు, సెక్షన్ 14 ప్రకారం అది చెల్లుతుంది. మొదటిసారి డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చాక చేయాల్సిన మొదటి పని అదే. కాగితం లేకపోతే బంధువులు, వాళ్లు లేకపోతే చూసుకునేవాళ్లు నామినీ అవుతారు.

వెంట తీసుకెళ్లాల్సినవి: ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు, పాత చీటీలు, వాడుతున్న మందుల అట్టలు. డాక్టరుకి అన్నిటికంటే పనికొచ్చేవి ఆ అట్టలే. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు కార్డు లేకపోయినా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక చికిత్స ఉచితం.

సొంత సంతకంతో చేరినవాళ్లు అడిగితే పంపేయాలి. ప్రమాదం ఉందనుకుంటే పరీక్ష కోసం 24 గంటలు ఆపవచ్చు, అంతే. నామినీ దరఖాస్తు మీద చేర్చుకుంటే 30 రోజుల వరకు ఉంచవచ్చు. సొంతంగా నిర్ణయం తీసుకునే స్థితికి వచ్చారా అని ఏడు రోజులకోసారి చూడాలి. చేర్చుకున్న విషయం ఈ చట్టం కింద రోగుల హక్కులు చూసే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు ఏడు రోజుల్లో, ఆడవాళ్లయితే మూడు రోజుల్లోనే తెలపాలి. అన్యాయంగా ఉంచారనిపిస్తే రోగి గానీ నామినీ గానీ ఆ బోర్డుకే రాసుకోవచ్చు. గొలుసులతో కట్టేయడం పూర్తిగా నిషేధం.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు వేరే నిబంధనలు. పెద్దల వార్డులో ఉంచకూడదు, నామినీ గానీ వాళ్లు పెట్టిన అటెండెంట్ గానీ రాత్రింబవళ్లు పక్కనే ఉండాలి.

రోడ్డు మీద తిరుగుతూ తనను తాను చూసుకోలేని మనిషి కనిపిస్తే స్టేషన్‌కు చెప్పండి. లాకప్‌లో పెట్టకుండా 24 గంటల్లో దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడం, తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్ఐఆర్ రాసి ఇంటివాళ్లను వెతకడం పోలీసుల బాధ్యతే.